లోపల ఒకరు ఉన్నారు

సోమవారం. పోటు.

పరదేశిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు దినచర్య రాసి ఉంచుకోవాలని పరదేశుల శాఖవారి ఆజ్ఞ. పైన వారం పేరు వేసి, సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో కూడా రాయాలి. కొత్త ఉప్పాడలో మా వీధి పోటు వేళ పడవదారి, ఆటు వేళ నడకదారి. ఎవరు ఏ దారిన వచ్చారో వాళ్ళకు కావాలట. పాత ఉప్పాడను సముద్రం మింగేశాక మమ్మల్ని తెచ్చి ఈ స్తంభాల ఇళ్ళలో పడేసినప్పుడు మమ్మల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

సరే, ఈ రోజు విశేషం ఏమిటంటే, మేడమీద గదిలోంచి మళ్ళీ సముద్రపు పాచి పులుసు వాసన. మా వదిన అలివేలు, అంటే మావారి అక్కగారు, కింద ముక్కు మూసుకుని కూర్చుంది. నేనే పైకి వెళ్ళాను.

"తెరీనా, ఆ పాచి ఉడకబెట్టడం మానవా తల్లీ? కింద వదినకి కడుపులో తిప్పేస్తోంది" అన్నాను.

తెరీనా నవ్వి తన భాషలో ఏదో అంది. ఆమె మెడలో వేలాడే దుబాసీ దాన్ని తెలుగులో పలికింది. శాఖవారిచ్చిన యంత్రం అది. ఎవరు నేర్పారో గానీ దానికి వచ్చిన తెలుగు గ్రాంథికం ఒక్కటే.

"క్షమింపవలెను. ఇది మా దీవుల పులుసు. తాము రుచి చూచెదరా?"

రుచి చూశాను. మళ్ళీ చూడను.

తెరీనాది పగడ దీవులు. ఇప్పుడవి నీళ్ళ కింద ఉన్నాయి. ఆమె ఒక్కతే మొదటి ఓడలో వచ్చింది. కూతురు సెలూ తరువాతి ఓడలో వచ్చి రేవు బయటే ఆగిపోయింది. తల్లి చిరునామా ఏడాది పొడుగునా తెగకుండా నిలబడితేనే కూతుర్ని నేల మీదికి దించుతారు. కార్తీకం వెళ్ళేసరికి ఆ ఏడాది నిండుతుంది. మధ్యలో ఒక్క రాత్రి గది ఖాళీగా ఉన్నా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఓడ అంతకాలం ఆగదు, ఇంకో రేవు వెతుక్కుంటూ పోతుంది.

ఆ లెక్క చూసేది గడప. మేడమీద గదికి శాఖవారు బిగించి వెళ్ళిన గడప మామూలు గడపలాగే ఉంటుంది. వదిన దానికి కూడా పసుపు రాసి బొట్లు పెట్టింది. దాని పక్కన ద్వారబంధానికి ఒక గాజుబిళ్ళ ఉంది. లోపల ఎంతమంది మనుషులుంటే అంత అంకె దాని మీద పడుతుంది. పిల్లుల్నీ బల్లుల్నీ లెక్కపెట్టదు. పొద్దున్నే నేను ఆ బిళ్ళ ముందు నిలబడి లోపలివాళ్ళ పేరు చెప్పి "ఉంది" అనాలి. నా మాటా బిళ్ళ అంకే కలిస్తే ఆ రోజుకి చిరునామా చెల్లినట్టు. ఆ "ఉంది" అన్న ఒక్క మాటే రేవు బయట ఓడకి వెళుతుంది. తల్లీకూతుళ్ళ మధ్య నడిచే కబురు అదొక్కటే.

సాయంత్రం తెరీనా ఉప్పునీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. దీవులవాళ్ళ కాళ్ళు రోజుకోసారి సముద్రం తగలకపోతే ఊరుకోవట. దూరంగా ఓడ దీపం వెలిగే దాకా అలాగే కూర్చుంటుంది.

గురువారం. ఆటు.

తెరీనా పోయింది.

మధ్యాహ్నం పొయ్యి మీద పులుసు మాడిన వాసన వస్తే తిట్టడానికి పైకి వెళ్ళాను. కుర్చీలో కూర్చునే ఉంది. కాళ్ళు బేసిన్‌లోనే ఉన్నాయి. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి పేరు రాసుకుని, దీవులవాళ్ళ ఆచారం ప్రకారం పడవలో లోతుకు తీసుకెళ్ళి సముద్రానికి అప్పగించారు. దుబాసీని శాఖవారు వెనక్కి పట్టుకెళ్ళారు. అంతా సాయంత్రంలోపల అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. మాడిన గిన్నె తోముతూ ఉంటే అప్పుడు వచ్చింది.

కిందికి వచ్చేసరికి వదిన పంచాంగం ముందు పెట్టుకుని ఉంది.

"ధనిష్ఠే తాయారూ! నే అనుకుంటూనే ఉన్నాను. ధనిష్ఠలో పోయింది. ఆర్నెల్లు ఆ గది పాడుపెట్టాలి. ఇప్పుడే తాళం వేసెయ్."

ఇలాంటివి నేను నమ్మనని ఇక్కడ గొప్పలు రాసుకోను. నమ్ముతాను. ఆ నక్షత్రంలో మనిషి పోయిన ఇంట్లో దీపం పెట్టకూడదనీ, కాపురం ఉండకూడదనీ, పోయినవాళ్ళు ఆ ఇల్లు వదలరనీ మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. తాళం తీసుకుని మెట్లెక్కాను. తలుపు దగ్గరికి లాగబోతే బిళ్ళ మీద సున్న కనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది.

ఆ సున్న రాత్రంతా ఉంటే సెలూకి ఈ దేశం లేనట్టే.

బిళ్ళలోంచి శాఖవారిని పిలిచి అడిగాను. గొంతు యంత్రానిదో మనిషిదో తెలియదు.

"నివాసి మరణించినా చిరునామా మరణించదు. గది మూతపడితే మరణిస్తుంది. రాత్రిపూట ఎవరో ఒకరు కాపురం ఉంటే చాలు."

"మరి తల్లి పోయిన సంగతి ఆ పిల్లకి చెబుతారాండీ?"

"ఓడకు చిరునామా సంగతి మాత్రమే పంపుతాం. మిగతావి దిగాక ఇంటివారు చెప్పుకోవాలి."

వీధిలో నలుగుర్ని అడిగాను, ఒక్క కార్తీకం గడిచేదాకా గదిలో పడుకుంటారా, తిండి నేనే పెడతానని. అందరూ మొదట సరేనన్నారు. ఏ నక్షత్రమని అడిగి, చెప్పగానే ఇంట్లో పనులు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. చీకటి పడేలోపల నేనే చాప చంకన పెట్టుకున్నాను. వదిన మెట్ల మొదట్లో అడ్డంగా నిలబడింది.

"నీకేవన్నా మతి పోయిందేంటే? ముక్కూ మొహం తెలీని పిల్ల కోసం దయ్యం పట్టించుకుంటావా?"

"మొహం తెలీదు వదినా. కానీ ఆ దీపంకేసి వాళ్ళమ్మ చూడ్డం రోజూ చూసేను కదా. ఆ తాళం నా చేత్తో వెయ్యలేను."

"వెళ్ళు. కానీ ఎక్కేక ఆర్నెల్లదాకా కిందకి రాకు. ఆ గదిలో పడుకుని నా దేవుడి గదిలోకొస్తానంటే ఊరుకోను. అన్నం మెట్ల మీద పెడతాను, తీసుకుని తిను."

ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఆదివారం. పోటు.

మూడు రోజులుగా నా పేరే చెబుతున్నాను. "తాయారు. ఉంది." బిళ్ళ మీద ఒకటి. శాఖవారు నోరెత్తలేదు.

కానీ ఈ పొద్దున లేచి కాలు కింద పెడితే నేల తడిగా ఉంది. పైకప్పు కారలేదు, వాన లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. బేసిన్ కడిగి గోడకు బోర్లించింది నేనే. ఇప్పుడది కిటికీ దగ్గర వెల్లకిలా, నిండా నీళ్ళతో ఉంది.

సహస్రనామం సగంలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మరిచిపోయాను. కిందికి పారిపోదామని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. భయమంటే చేతులు వణకడం అనుకునేదాన్ని, అది కాదు. వీపు వెనక్కి తిరిగి చూడాలంటే మెడ మాట వినకపోవడం.

నీళ్ళు పారబోయలేదు. అంత ధైర్యం లేదు.

బుధవారం. ఆటు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున గడప లోపలివైపు నిలబడి "తాయారు, ఉంది" అన్నాను. బిళ్ళ మీద రెండు పడింది.

కళ్ళు తుడుచుకుని చూశాను. రెండే.

"రెండో వ్యక్తి ఎవరు?" అంది శాఖవారి గొంతు. "పరదేశి అయితే ఈ సాయంత్రంలోగా పేరు ప్రకటించాలి."

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

"అయితే గడప చెడినట్టు. రేపు మార్చుతాం. కొత్త గడపకు లెక్క మొదటి నుంచి మొదలవుతుంది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరూ లేరంటే సెలూ పోయినట్టే. ఎవరో ఉన్నారంటే, ఆ ఎవరో ఎవరో నేను చెప్పాలి.

పగలంతా గోడకి ఆనుకుని కూర్చున్నాను. వదిన అన్నం తెచ్చి మెట్ల మీద పెట్టినప్పుడు పైనుంచే చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఎవరో నీకు తెలీదేంటి? నాకు తెలుసు, నీకూ తెలుసు. పేరు పెట్టి మాత్రం పిలవకు తాయారూ. పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిచి ఉన్నావన్నావనుకో, ఇంక కదలరు. అక్కడే ఉండిపోతారు."

"పిలవకపోతే ఆ పిల్ల ఉండదు వదినా."

"అదెవత్తే నీకు!"

ఆవిడ పమిటతో కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సూర్యుడు దిగుతుండగా బిళ్ళ ముందు నిలబడ్డాను. నా వెనక బేసిన్‌లో నీళ్ళు కదిలిన చప్పుడు. తిరిగి చూడలేదు.

"తెరీనా" అన్నాను. "పగడ దీవులు. మేడమీద గది, మంగతాయారు ఇల్లు, కొత్త ఉప్పాడ. ఉంది."

చప్పుడు ఆగింది. "నమోదైంది" అన్నారు శాఖవారు.

శనివారం. పోటు.

పడవలో శాఖవారి ఇన్‌స్పెక్టర్ నూకరాజుగారు దిగారు. మెట్లెక్కి ఆయాసపడుతూ నా ఎదురుగా నిలబడ్డారు. నేను గది బయటికి వచ్చి ఆయనకి మంచినీళ్ళిచ్చాను.

"ఏవండీ తాయారుగారూ, ఆవిడ చచ్చిపోయిందని మీరే రాయించేరు. ఆవిడే ఉందని మీరే రాయిస్తున్నారు. మేం ఏది నమ్మాలండీ?"

"రెండూ నమ్మండి."

"ఎగతాళా అండీ? లోపలికెళ్ళి చూసి, ఎవరూ లేకపోతే గడప ఊడదీసుకుని పోతాను. అంతే." ఆయన చెప్పులు విప్పి, ఒక కాలు ఎత్తి, అలాగే ఆగారు. "అన్నట్టు ఆవిడ ఏ రోజున పోయిందండీ?"

"గురువారం. ధనిష్ఠ."

ఎత్తిన కాలు వెనక్కి వచ్చేసింది. "ఆ మాట ముందే చెప్పాలి కదండీ! పిల్లలు గలవాణ్ణి. ఇంట్లో తెలిస్తే గుమ్మం తొక్కనివ్వరు నన్ను." ఆయన గోడవైపు జరిగి, చెప్పులు మళ్ళీ వేసుకుని, నా మొహం చూశారు. తరువాత బిళ్ళ చూశారు. నేను చూసింది ఆయన చూసిన తరువాతే. నేను బయట ఉన్నాను, ఆయన బయట ఉన్నారు. బిళ్ళ మీద ఒకటి ఉంది.

"లోపల ఇంకెవరండీ?" గొంతు తగ్గిపోయింది.

"మీరే అడగండి. మీ నిబంధన కదా."

ఆయన గడపకు ఇవతలే నిలబడి, ఎవరో పెద్దావిడని పిలిచినట్టు, "అమ్మా, ఉన్నారాండీ?" అన్నారు. పొయ్యి వెలగని గదిలోంచి పాచి పులుసు వాసన మాత్రం వచ్చి మా ఇద్దరినీ తాకింది. నూకరాజుగారు జేబు తడుముకుని కలం తీశారు. రాసింది నాకు చూపించి సంతకం పెట్టమన్నారు.

"నివాసి ఉన్నారు. మాట్లాడే స్థితిలో లేరు."

మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయారు. ఈ రోజు నుంచి నాకు ఆయనంటే గౌరవం.

మంగళవారం. పోటు.

కార్తీకం నిన్నటితో వెళ్ళింది. ఏడాది నిండింది. లెక్క తెగలేదు.

పొద్దెక్కాక పడవ వచ్చింది. అందులోంచి ఇరవై ఏళ్ళ పిల్ల దిగింది. తల్లి నుదురే. ఓడలో అల్లిన చాప ఒకటి చుట్టి భుజాన వేసుకుంది. అంతకంటే సామాను లేదు. మెడలో కొత్త దుబాసీ. మా మెట్లను, స్తంభాలను, నన్ను అన్నిటినీ ఒకేలా నవ్వుతూ చూసి, మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది.

"నా తల్లి ఏ గదిలో నున్నది?" అంది దుబాసీ.

ఎన్నో రాత్రులు ఈ మాటకి జవాబు తయారు చేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "కూర్చో అమ్మా. కాస్త మంచినీళ్ళు తాగు. నీకో మాట చెప్పాలి" అన్నాను.

"పిదప వినెదను. ఉన్నది, ఉన్నది అని ప్రతిదినము కబురంపినది తామే కదా. ఆ ఒక్క మాటతో నేను బ్రతికితిని. తమకు నమస్కారము."

వంగి నా కాళ్ళకు నమస్కారం పెట్టింది. నా ప్రాణం కడబట్టిపోయింది. నేను వద్దని చెయ్యి చాచేలోపలే బిళ్ళ చూసింది. దాని మీద ఒకటి ఉంది. లోపల ఎవరో ఉన్నారని ఆ పిల్లకి తెలుసు, ఓడలో అందరికీ ఈ బిళ్ళ సంగతి చెప్పే ఉంటారు. ఒక్క పరుగున గడప దాటింది. అంకె రెండయింది.

నేను లోపలికి వెళ్ళలేదు. మెట్ల మీదే ఉండిపోయాను.

సెలూ గొంతు, వెనకే దుబాసీ: "అమ్మా." తరువాత, "అమ్మా, ఎచ్చట నున్నావు?" ఆ పిలుపులో నవ్వు పోయింది. ఖాళీ కుర్చీ చూసి ఉంటుంది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని చెవులు మూసుకోబోయాను.

అప్పుడు దుబాసీ పలికింది. "ఇచ్చటనే."

సెలూ గొంతు ముందు వినపడలేదు. దుబాసీ ఎవరో ఒకరు మాట్లాడితేనే పలుకుతుంది, తనంతట తాను ఒక్క ముక్క కూడా పలకదు.

"ప్రయాణము చేసి వచ్చితివి. కాళ్ళు నీళ్ళలో పెట్టుము."

చాలాసేపటికి బేసిన్‌లో నీళ్ళు కదిలాయి. ఆ పిల్ల సన్నగా ఏదో అడిగింది. దుబాసీ పలికింది. "నీవు ఒంటరిగా నుంటివా?"

జవాబుకి నేనూ ఎదురుచూశాను.

"లేదు. ఇంటావిడ ప్రతిరాత్రి నా చెంతనే పరుండెడిది. మిగుల భయపడెడిది. మిగుల గురక పెట్టెడిది."

నేను మెట్టు మీద కూలబడ్డాను. మావారు పోయాక నా గురక మాట చెప్పేవాళ్ళు లేరు. వెనక్కి తిరిగి చూడ్డానికి భయపడి కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్న రాత్రులన్నీ ఆమె నా పక్కన మేలుకుని ఉంది. కూతురు కోసం ఉంది సరే. నన్నూ చూస్తూ ఉంది. ఆ సంగతి తెలిశాక ఎందుకు భయపడ్డానా అని ఏడ్చాను.

తల ఎత్తేసరికి బిళ్ళ మీద రెండు ఉంది. చూస్తుండగానే ఒకటయింది. గడప దాటి ఎవరూ బయటికి రాలేదు. పాచి పులుసు వాసన మాత్రం నా పక్కనుంచి మెట్లు దిగి, నీళ్ళ వైపు వెళ్ళింది.

అప్పుడు లోపలికి వెళ్ళి సెలూని దగ్గరికి తీసుకున్నాను. ఆ గురువారం మధ్యాహ్నం నుంచి మొత్తం చెప్పాను. నా ఏడుపునీ తప్పులనీ దుబాసీ గ్రాంథికంలోకి మార్చి చెప్పింది. ఆ పిల్ల వింటూ నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం మెట్ల మీద వదిన రెండు కంచాలు పెట్టి వెళ్ళింది.

శుక్రవారం. ఆటు.

నిజం నిజంలా రాయించాలని సెలూ వచ్చిన మర్నాడే బిళ్ళ ముందు నిలబడ్డాను. తెరీనా వెళ్ళిపోయిందని చెప్పాను.

"కొత్త చిరునామా?" అన్నారు శాఖవారు.

"తెలీదండీ."

"కొత్త చిరునామా లేకుండా నివాసి వెళ్ళినట్టు రాయడానికి వీల్లేదు. ఉన్నట్టే లెక్క. ఏడాది నిండిన గడపకు అంకె తనిఖీ లేదు. రోజూ పేరు చెబితే చాలు."

పక్కన నిలబడిన సెలూకి దుబాసీ చెప్పింది. ఆ పిల్ల నా కొంగు చివర పట్టుకుంది.

అందుకని ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం గడప లోపలివైపు నిలబడి మూడు పేర్లు చెబుతున్నాం. నా పేరు నేను చెబుతాను, సెలూ తన పేరు చెబుతుంది, తెరీనా పేరు ఇద్దరం కలిసి చెబుతాం. చెప్పి, కాసేపు బిళ్ళ వైపు చూస్తాం. రెండే ఉంటుంది. ఒక్క రోజు, ఒక్క నిమిషం, అది మూడు కావాలని ఉంది నాకు.